ఆపరేషన్‌కు ముందు ఒంట్లో ఏం మిగిలింది? జీర్ణాశయ క్యాన్సర్‌లో పోషణకూ ఆయుష్షుకూ ఉన్న లంకె

బయాప్సీ నివేదికలో జీర్ణాశయ క్యాన్సర్ అని తేలగానే ఇంట్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ దశలో ఉంది? సరైన ప్రశ్నే. కణితి కడుపు గోడలోకి ఎంత లోతుగా దిగింది, చుట్టూ ఉన్న లింఫు గ్రంథుల్లో ఎన్నింటికి పాకింది, కాలేయానికో పొట్ట లోపలి పొరకో చేరిందా అన్న మూడు విషయాలను బట్టి దశను నిర్ణయిస్తారు. చికిత్స కూడా దాన్ని బట్టే ఉంటుంది. అయితే ఒకే దశలో ఒకే రకం ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరిలో ఒకరు ఐదేళ్ల తర్వాత కూడా తమ పనులు తాము చేసుకుంటూ ఉంటారు, మరొకరు రెండేళ్లు తిరగకముందే కన్నుమూస్తారు. ఈ తేడాకు కారణాలు అనేకం. వాటిలో ఒకటి కణితిలో కాకుండా రోగి ఒంట్లో ఉంటుంది. ఆపరేషన్ బల్ల ఎక్కే నాటికి ఆ శరీరంలో ఎంత పోషణ, ఎంత కండ మిగిలి ఉన్నాయన్నదే ఆ కారణం.

దీని మీద ముఖ్యంగా జపాన్, కొరియా, చైనాల నుంచి కొన్ని దశాబ్దాలుగా పరిశోధన పత్రాలు వస్తూనే ఉన్నాయి. దాదాపు అన్నింటి సారాంశం ఒక్కటే: ఆపరేషన్‌కు ముందు పోషణ బాగా లేనివారు ఆ తర్వాత తక్కువ కాలం బతుకుతున్నారు. ఇది నిజం. ఈ మాట వినగానే ‘అయితే బాగా తినిపిస్తే ఎక్కువ కాలం బతుకుతారన్నమాట’ అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇది కొంతవరకే నిజం. ఎంతవరకు నిజమో తెలియకపోతే ఒకవైపు అనవసరమైన ఆశ, మరోవైపు అంతకంటే ప్రమాదకరమైన నిర్లక్ష్యం, రెండూ పుట్టుకొస్తాయి. అందుకే ఈ చిక్కుముడిని కాస్త నిదానంగా విప్పాలి.

కడుపుకే జబ్బు చేస్తే

2022 అంచనాల ప్రకారం ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా సుమారు 9.7 లక్షల మందికి కొత్తగా జీర్ణాశయ క్యాన్సర్ సోకింది, దాదాపు 6.6 లక్షల మంది దాంతో మరణించారు. కేసుల్లోనూ మరణాల్లోనూ అన్ని క్యాన్సర్లలో దీనిది ఐదో స్థానం. క్యాన్సర్లలో చాలావరకు ఏదో ఒక దశలో మనిషిని చిక్కిపోయేలా చేస్తాయి. జీర్ణాశయ క్యాన్సర్ మాత్రం ఆ పని తొలినాళ్ల నుంచే చేస్తుంది, ఎందుకంటే అది కూర్చునేదే తిండి దిగే దారిలో.

ఎక్కడ కూర్చుందన్నదాన్ని బట్టి నష్టం తీరు మారుతుంది. అన్నవాహిక వచ్చి కలిసే పైభాగంలో ఉంటే మొదట గట్టి పదార్థాలు, తర్వాత మెత్తనివి, చివరికి నీళ్లు కూడా మింగుడుపడవు. చిన్నపేగులోకి తెరుచుకునే కిందిభాగంలో ఉంటే తిన్నది గంటల తరబడి కడుపులోనే నిలిచి వాంతి అయిపోతుంది. ఇంకొక రకంలో కణితి గడ్డ కట్టకుండా గోడ అంతటా పాకుతుంది. గోడ మందమై సాగే గుణం పోవడంతో నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. పుండు పడిన కణితి నుంచి రోజూ కొంచెం కొంచెంగా రక్తం కారుతుంటే రక్తహీనత వస్తుంది, దాంతో వచ్చే నీరసం ఉన్న ఆకలిని కూడా చంపేస్తుంది.

ఇవన్నీ దారి మూసుకుపోవడం వల్ల వచ్చే కష్టాలు. వీటికి తోడు కంటికి కనిపించనిది ఇంకొకటుంది. కణితికీ శరీరానికీ మధ్య జరిగే పోరులో ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయన సంకేతాలు రక్తంలోకి విడుదలవుతాయి. వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అని పిలిచే ఈ వాపు ప్రక్రియ ఒళ్లంతా లోలోపల రగులుతూ ఉంటుంది. అది మెదడులో ఆకలిని అణచివేస్తుంది, కండరాల్లోని ప్రొటీన్‌ను విడగొడుతుంది, కాలేయం చేసే పనినే మార్చేస్తుంది. తిండి తగ్గినందువల్ల చిక్కడం ఒకటి, తింటున్నా చిక్కిపోవడం ఇంకొకటి. రెండో దాన్ని వైద్యశాస్త్రం కెకెక్సియా అంటుంది. ఆరు నెలల్లో ఐదు శాతానికి మించి బరువు తగ్గడం దాని ప్రధాన గుర్తు అని 2011లో అంతర్జాతీయ నిపుణులు నిర్వచించారు. మామూలు ఆహారంతో మాత్రమే దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పడం సాధ్యం కాదని అదే నిర్వచనం చెబుతుంది. ఒకే రోగిలో ఈ రెండూ వేర్వేరు పాళ్లలో కలిసి ఉంటాయి. మున్ముందు వచ్చే చిక్కులన్నింటికీ మూలం ఇదే.

తూకం చెప్పేది, దాచేది

అన్నింటికంటే పాతది, చౌకైనది, ఇప్పటికీ నమ్మదగినది బరువు తగ్గుదల లెక్క. దీని ప్రాముఖ్యాన్ని అంకెలతో చూపించినవాడు క్లీవ్‌లాండ్‌కు చెందిన హైరమ్ స్టడ్లీ అనే సర్జన్. 1936లో ఆయన కడుపు పుండుకు ఆపరేషన్ చేయించుకున్న 46 మంది వివరాలు ప్రచురించారు. ఆపరేషన్‌కు ముందు తమ బరువులో 20 శాతానికి మించి కోల్పోయినవారిలో మూడో వంతు మంది చనిపోయారు. అంతకంటే తక్కువ కోల్పోయినవారిలో మరణాలు 3.5 శాతమే. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, వాళ్లకున్నది కడుపు పుండు, క్యాన్సర్ కాదు. ‘చిక్కిపోయినవాడికి జబ్బు ముదిరి ఉంటుంది, అందుకే పోతాడు’ అని కొట్టిపారేయడానికి అక్కడ అంత వీలు లేదు. శరీరంలో నిల్వలు అడుగంటడమే ప్రమాదమని ఆ చిన్న పరిశీలన గట్టిగా సూచించింది.

ఇప్పుడు ఒక ఊహాత్మక రోగిని చూద్దాం. ఎత్తు 165 సెంటీమీటర్లు. ఆరు నెలల కిందట 68 కిలోలు ఉండేవారు, ఇప్పుడు 60. కణితి కడుపు కిందిభాగంలో ఉండి దారి మూసుకుపోతోంది. ఎత్తుకూ బరువుకూ ఉన్న నిష్పత్తిని చూపే బీఎంఐ ఈయనకు 22. పట్టికలో చూస్తే నిక్షేపంలాంటి అంకె. ‘సాధారణం’ అని రాసి ముందుకు వెళ్లిపోవచ్చు. కానీ పోయిన ఎనిమిది కిలోలు ఆయన అసలు బరువులో దాదాపు 12 శాతం. క్లినికల్ పోషణకు సంబంధించిన యూరోపియన్ సంఘం మార్గదర్శకాల ప్రకారం ఆరు నెలల్లో 10 నుంచి 15 శాతం బరువు పోవడం తీవ్ర పోషకాహార ప్రమాదానికి గుర్తుల్లో ఒకటి. 2019లో పలు ఖండాల నిపుణ సంఘాలు కలిసి ప్రచురించిన గ్లిమ్ ప్రమాణాల ప్రకారం కూడా ఆరు నెలల్లో ఐదు శాతానికి మించిన తగ్గుదల, దానికి తోడు తిండి తగ్గడమో వాపు ప్రక్రియో ఉంటే అది పోషకాహార లోపమే. ఇవాళ్టి బరువు ఒక్కటే చూసేవారికి ఇదంతా కనిపించదు. ‘ఆరు నెలల కిందట ఎంత ఉండేవారు?’ అని అడిగితేనే బయటపడుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేని ఈ ప్రశ్నను అడగకపోవడానికి ఏ కారణమూ సరిపోదని నా అభిప్రాయం.

బరువు మోసం చేసే సందర్భాలూ ఉన్నాయి. పొట్టలో నీరు చేరినా, కాళ్లు వాచినా తూకం నిలకడగానే కనిపిస్తుంది, లోపల కండ మాత్రం కరిగిపోతూనే ఉంటుంది.

రక్తంలో వెతికిన జవాబు

మనిషిని ప్రశ్నలు అడిగి, చేత్తో తడిమి చూసి పోషణను అంచనా వేయడం కంటే రక్తపరీక్షలో ఒక అంకె దొరికితే సులువు కదా అన్న ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. 1984లో జపాన్ వైద్యుడు ఒనోదెరా, ఆయన సహచరులు ప్రతిపాదించిన సూచిక అలాంటిదే. జీర్ణాశయ క్యాన్సర్ పరిశోధనల్లో తరచూ కనిపించేదీ అదే. పేరు ప్రోగ్నోస్టిక్ న్యూట్రిషనల్ ఇండెక్స్, పొట్టిగా పీఎన్ఐ. లెక్క చాలా తేలిక. రక్తంలో డెసిలీటరుకు ఎన్ని గ్రాముల అల్బుమిన్ ఉందో చూసి దాన్ని పదితో హెచ్చవేయాలి. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎన్ని ఉన్నాయో చూసి 0.005తో హెచ్చవేయాలి. ఆ రెండూ కూడితే పీఎన్ఐ వస్తుంది. అది 45 కంటే ఎక్కువ ఉంటే జీర్ణనాళాన్ని కోసి అతికించే ఆపరేషన్ క్షేమమనీ, 40కి పడిపోతే అలాంటి ఆపరేషన్‌కు దిగవద్దనీ మొదట్లో సూచించారు. అంటే అది పుట్టింది ఆపరేషన్ సమయంలో ఉండే ప్రమాదాన్ని అంచనా వేయడానికి. దాన్ని ఏళ్ల తరబడి బతికే అవకాశంతో ముడిపెట్టడం తర్వాత వచ్చింది.

ఆ దారిలోనే మరికొన్ని సూచికలు వచ్చాయి. 2005లో స్పెయిన్ నుంచి వచ్చిన కోనట్ స్కోరు అల్బుమిన్‌కూ లింఫోసైట్లకూ కొలెస్టరాల్‌ను చేర్చి సున్నా నుంచి 12 వరకు మార్కులు వేస్తుంది. ఇందులో మార్కులు పెరిగేకొద్దీ పరిస్థితి దిగజారినట్టు. అదే ఏడాది వృద్ధుల కోసం ఫ్రాన్స్ వైద్యులు రూపొందించిన జీఎన్ఆర్ఐ అల్బుమిన్‌ను, ఉండాల్సిన బరువుతో పోల్చిన ప్రస్తుత బరువును కలిపి చూస్తుంది. వీటి మధ్య ఏది మెరుగన్న పోటీ మీద చాలా సిరా ఖర్చయింది. రోగికి అది పెద్దగా పనికొచ్చే చర్చ కాదు, ఎందుకంటే మూడింటిలోనూ అసలు బరువంతా మోసేది అల్బుమినే.

మన రోగికి పీఎన్ఐ కట్టి చూద్దాం. అల్బుమిన్ 3.9, లింఫోసైట్లు 1,400. అంటే 39కి 7 కలిపితే 46. గీత దాటారు, పర్వాలేదన్నమాట! ఇప్పుడు పక్క మంచం మీద ఉన్న రెండో రోగిని చూడండి. ఈయన పెద్దగా బరువు తగ్గలేదు, భోజనం కూడా దాదాపు మామూలుగానే చేస్తున్నారు. కానీ కణితి పెద్దది, పుండు పడింది, రక్తంలో వాపు ప్రక్రియను సూచించే సీఆర్‌పీ బాగా ఎక్కువగా ఉంది. అల్బుమిన్ 3.1, లింఫోసైట్లు 1,100. పీఎన్ఐ 36.5. అంకెను నమ్మితే పోషణ లోపించింది రెండో ఆయనకు. కళ్లను నమ్మితే ఆకలితో చిక్కిపోయింది మొదటి ఆయన.

అల్బుమిన్ దేనికి కొలత?

అల్బుమిన్‌ను కాలేయం తయారుచేస్తుంది. తయారైన అల్బుమిన్‌లో సగం తరిగిపోవడానికి సుమారు 20 రోజులు పడుతుంది. అందువల్ల ఒక వారం తిండి బాగా తిన్నా, మానేసినా అది వెంటనే కదలదు. దీర్ఘకాలం ఆహారం మానేసి ఎముకల గూడులా మారిన అనొరెక్సియా నెర్వోసా రోగుల్లో కూడా అల్బుమిన్ చాలాసార్లు సాధారణంగానే ఉంటుంది. పోషణకు అది నిక్కచ్చి కొలత అయితే అలా ఉండకూడదు.

దాన్ని పడగొట్టేది ప్రధానంగా వాపు ప్రక్రియ. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలు అందగానే కాలేయం అల్బుమిన్ తయారీని తగ్గించి సీఆర్‌పీ వంటి ప్రొటీన్ల తయారీ వైపు మళ్లుతుంది. అదే సమయంలో సన్నని రక్తనాళాల గోడలు వదులై ఉన్న అల్బుమిన్ కూడా కణజాలంలోకి జారిపోతుంది. ఇంకొక మెలిక కూడా ఉంది. రోజుల తరబడి వాంతులై ఒంట్లో నీరు తగ్గిన రోగిలో రక్తం చిక్కబడి అల్బుమిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. సెలైన్ ఎక్కించిన మర్నాడు మళ్లీ చూస్తే అంకె దిగిపోతుంది. మన మొదటి రోగి విషయంలో 3.9 అన్నది అలాంటిదే అయి ఉండవచ్చు.

లింఫోసైట్లది కూడా ఇలాంటి జంట స్వభావమే. క్యాన్సర్ కణాలను గుర్తించి చంపే పనిలో ముందుండే కణాలు అవి. పోషణ తగ్గితే తగ్గుతాయి. శరీరం దీర్ఘకాల ఒత్తిడిలో ఉన్నా, వాపు ప్రక్రియ నడుస్తున్నా తగ్గుతాయి.

ఇదంతా చూసి ఈ సూచికలు పనికిరానివని అనుకోకూడదు. భవిష్యత్తును అంచనా వేయడంలో అవి బలమైనవి. అలా అంచనా వేయగలగడానికి కారణం ఒక్క పోషణ కాదు, తిండి లేమి, కణితి దూకుడు, శరీరం స్పందించే తీరు, వయసు ఇవన్నీ కలిసి ఆ ఒక్క అంకెలో కూర్చున్నాయి. గ్లాస్గో వైద్యులు రూపొందించిన మరో స్కోరు ఈ సంగతిని దాచుకోదు. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటిన సీఆర్‌పీని, 35 గ్రాములకు తగ్గిన అల్బుమిన్‌ను కలిపి చూసి, తాను కొలిచేది వాపు ప్రక్రియనే అని చెబుతుంది. అదీ జీర్ణాశయ క్యాన్సర్‌లో మనుగడను బాగానే అంచనా వేస్తుంది.

అల్బుమిన్ తక్కువ అనగానే దాన్నే సీసాలతో ఎక్కించమని అడిగే కుటుంబాలు ఉన్నాయి, ఎక్కించేవారూ ఉన్నారు. థర్మామీటరును చల్లటి నీళ్లలో ముంచినంత మాత్రాన జ్వరం తగ్గదు. ఎక్కించిన అల్బుమిన్ కాగితం మీది అంకెను కొద్ది రోజులు పెంచుతుంది గానీ రోగికి పోషణ ఇవ్వదు, ఆ అంకె పడిపోవడానికి ఉన్న కారణాన్ని తాకదు.

గణాంకాలను చదివేటప్పుడు

ఈ అధ్యయనాల్లో చాలావరకు ఒకే పద్ధతిలో జరుగుతాయి. ఒక ఆస్పత్రిలో గత పది, పదిహేనేళ్లలో ఆపరేషన్ అయినవారి పాత ఫైళ్లు తీస్తారు, ముందటి రక్తపరీక్షను బట్టి రెండు వర్గాలు చేస్తారు, ఏ వర్గం ఎంతకాలం బతికిందో చూస్తారు. జబ్బు ముదిరినవారిలో పీఎన్ఐ తక్కువగా ఉంటుంది కాబట్టి, దశ తేడాను, వయసు తేడాను గణితంతో సరిచేస్తారు. అలా సరిచేసిన తర్వాత కూడా పోషణ సూచికకు సొంతంగా ప్రభావం మిగులుతోందని ఎక్కువ అధ్యయనాలు చెబుతున్నాయి. ఇది చిన్న విషయం కాదు. అయితే గణితం సరిచేయగలిగేది ఫైలులో రాసి ఉన్నవాటినే. కణితి స్వభావంలో దశకు అందని తేడాలు ఉంటాయి, అవి ఫైలులో ఉండవు.

గీత ఎక్కడ గీయాలన్నది మరో సమస్య. ఒకరు 45 దగ్గర గీస్తారు, ఇంకొకరు 48 దగ్గర, మరొకరు 50కి పైన. చాలామంది తమ రోగుల సమాచారంలోనే తేడా బాగా కనిపించే చోటు వెతికి అక్కడ గీస్తారు. అలా గీసిన గీత ఆ గుంపులో ఉన్న తేడాను ఉన్నదానికంటే పెద్దది చేసి చూపిస్తుంది, వేరే ఆస్పత్రిలో అంత బాగా పనిచేయదు. కాబట్టి ‘నా పీఎన్ఐ 44, గీతకు కింద ఉన్నాను’ అని ఎవరూ బెంబేలెత్తాల్సిన పని లేదు. 44కూ 46కూ మధ్య ఒంట్లో జరిగే అద్భుతమేమీ లేదు.

నన్ను ఎక్కువగా కలచివేసే లోపం వేరే ఉంది. ఈ లెక్కలన్నీ ఆపరేషన్ దాకా చేరినవారివి. ఆపరేషన్‌ను తట్టుకోలేనంతగా చిక్కిపోయి, ‘ఈ స్థితిలో కుదరదు’ అని వెనక్కి పంపినవారు ఈ పట్టికల్లో ఎక్కడా ఉండరు. పోషణ లోపానికి అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించినవారే లెక్కలోకి రాలేదన్నమాట.

ఆయుష్షు దాకా ఎలా చేరుతుంది?

పోషణ లోపం మనుగడను తగ్గించే దారుల్లో మొదటిది అందరికీ తెలిసిందే. కడుపును తీసేశాక అన్నవాహికను పేగుతో కలిపి కుట్టిన చోటు మానడానికి ప్రొటీన్ కావాలి. అది చాలకపోతే కుట్టు దగ్గర లీకు, చీము, న్యుమోనియా వంటి చిక్కులు పెరుగుతాయి. ఈ చిక్కులు ఆస్పత్రిలో ఉండే రోజులను పెంచడంతో ఆగవు. తీవ్రమైన చిక్కులు ఎదురైనవారిలో క్యాన్సర్ తిరగబెట్టడం కూడా ఎక్కువని అనేక అధ్యయనాల్లో కనిపించింది. ఇన్ఫెక్షన్‌తో వారాల తరబడి సాగే వాపు ప్రక్రియ, మిగిలిపోయిన క్యాన్సర్ కణాలకు అనుకూలంగా మారుతుందన్నది దానికి ఇచ్చే వివరణల్లో ఒకటి.

రెండో దారి మీద జరగాల్సినంత చర్చ జరగడం లేదు. అది కీమోథెరపీ. 2006లో వెలువడిన మ్యాజిక్ అధ్యయనంలో ఆపరేషన్‌కు ముందు మూడు విడతలు, తర్వాత మూడు విడతలు కీమో తీసుకున్నవారిలో ఐదేళ్లు బతికినవారు 36 శాతం, ఆపరేషన్ మాత్రమే చేయించుకున్నవారిలో 23 శాతం. అంటే కీమో వల్ల గట్టి మేలే జరిగింది. కానీ ఆరు విడతలూ పూర్తి చేయగలిగినవారు సగం కంటే తక్కువ. 2019లో వచ్చిన ఫ్లాట్4 అధ్యయనంలో మందులు మారి ఫలితాలు ఇంకా మెరుగయ్యాయి గానీ, మొత్తం విడతలు పూర్తి చేసినవారు అక్కడా 46 శాతమే. జపాన్‌లో ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు ఎస్-1 అనే కీమో మాత్రలు వాడిన అధ్యయనంలో చివరిదాకా వాడగలిగినవారు దాదాపు 66 శాతం. మానేసినవారందరూ పోషణ లోపం వల్లే మానేశారని చెప్పలేం. కానీ కడుపు తీసేశాక మొదటి వారాల్లోనే బాగా చిక్కిపోయినవారు మందును తట్టుకోలేక మధ్యలో ఆపేయడం ఎక్కువని జపాన్ సర్జన్లే గమనించి ప్రచురించారు. ఆపరేషన్‌కు ముందు నిల్వలు ఎంత ఉంటే తర్వాతి నష్టాన్ని అంతగా తట్టుకోవచ్చు.

మిగిలినవి రోగనిరోధక శక్తి సన్నగిల్లడం, క్యాన్సర్‌తో సంబంధం లేని మరణాలు. పెద్ద వయసువారిలో ఈ రెండోది తక్కువదేమీ కాదు. తొలిదశ క్యాన్సర్‌ను పూర్తిగా తొలగించాక కూడా చిక్కిన వృద్ధులు న్యుమోనియాతోనో గుండె జబ్బుతోనో పోతుంటారు.

కండను చూపించే ఒక్క చిత్రం

రోగికి ఎలాగూ తీసే సీటీ స్కాన్‌లోనే పోషణ గురించిన మంచి సమాచారం దాగి ఉంది. నడుము దగ్గర మూడో వెన్నుపూస మట్టంలో తీసిన ఒక్క అడ్డకోత చిత్రాన్ని కంప్యూటర్ తెర మీద తెరుస్తారు. నడుమ వెన్నుపూస, దానికి ఇరువైపులా గుండ్రంగా రెండు కండరాలు, వెనక వీపు కండరాలు, చుట్టూ పొట్ట గోడ కండరాలు కనిపిస్తాయి. నీరు, కొవ్వు, కండ ఎక్స్-కిరణాలను ఆపే తీరు వేర్వేరు. నీటిని సున్నాగా పెట్టుకున్న ఆ కొలతలో కండ మైనస్ 29 నుంచి 150 దాకా ఉంటుంది. ఆ పరిధిలో ఉన్న చుక్కలన్నింటికీ సాఫ్ట్‌వేర్ రంగు వేసి వైశాల్యం లెక్కగడుతుంది. దాన్ని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె మొత్తం శరీరంలోని కండకు మంచి అంచనా.

ఇక్కడే బీఎంఐ గుట్టు రట్టవుతుంది. లావుగా కనిపించే మనిషి చిత్రంలో కండ సన్నని పట్టీలా మిగిలి, చుట్టూ అంతా కొవ్వే ఉండవచ్చు. ఇలాంటివారికి ఆపరేషన్ సాంకేతికంగా కష్టం, కోలుకోవడం ఇంకా కష్టం. చూడ్డానికి బలంగా ఉన్నారు కాబట్టి పోషణ గురించి ఎవరూ అడగరు కూడా. కండ తగ్గడాన్ని సార్కోపీనియా అంటారు. అది ఉన్న జీర్ణాశయ క్యాన్సర్ రోగుల్లో చిక్కులూ ఎక్కువ, మనుగడా తక్కువ. చేతి పట్టు బలాన్ని కొలిచే చిన్న పరికరం, నాలుగైదు మీటర్ల దూరాన్ని ఎంత వేగంగా నడుస్తారన్న పరీక్ష కూడా ఈ విషయంలో ఎంతో చెబుతాయి. స్కాన్ కండ ఎంత ఉందో చెబితే, ఇవి ఆ కండ పనిచేస్తోందా లేదా అన్నది చెబుతాయి.

మరి తినిపిస్తే మేలు జరుగుతుందా?

దీనికి జవాబు చెప్పగలిగేవి పాత ఫైళ్లు కాదు, రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసే పరీక్షలే. 1991లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో జరిగిన పరీక్ష ఫలితాలు ఇప్పటికీ చదవదగ్గవి. పోషణ లోపం ఉండి పెద్ద ఆపరేషన్లు అవసరమైన 395 మందిలో కొందరికి ముందుగా 7 నుంచి 15 రోజులు రక్తనాళం ద్వారా పూర్తి పోషణ ఎక్కించారు. మొత్తం మీద చూస్తే తీవ్రమైన చిక్కుల్లో తేడా లేదు. పైగా పోషణ ఎక్కించినవారిలో ఇన్ఫెక్షన్లు 14 శాతం, ఎక్కించనివారిలో 6 శాతం. ఇక్కడితో ఆగితే పోషణ హాని చేసిందని అనిపిస్తుంది. కానీ తీవ్రంగా చిక్కినవారిని విడిగా చూస్తే కథ తిరగబడింది. వారిలో ఇన్ఫెక్షన్ కాని పెద్ద చిక్కులు పోషణ అందినవారికి 5 శాతం, అందనివారికి 43 శాతం. అవసరం ఉన్నవారికి మందులా పనిచేసినదే అవసరం లేనివారికి భారమైంది.

2012లో జపాన్‌లో పోషణ బాగానే ఉన్న 244 మంది జీర్ణాశయ క్యాన్సర్ రోగుల మీద జరిగిన పరీక్ష కూడా ఇదే చెప్పింది. కడుపు మొత్తం తీసేసే ఆపరేషన్‌కు ముందు ఐదు రోజులు రోగనిరోధక శక్తిని పెంచుతుందనే ప్రత్యేక పానీయం తాగించినా ఇన్ఫెక్షన్లలో తేడా రాలేదు. కాబట్టి పోషక పానీయాల డబ్బాలు అందరికీ అక్కర్లేదు. ఎవరికి అవసరమో ముందే గుర్తించడమే అసలు పని.

గుర్తించాక తొందరపడకూడదు. తీవ్ర పోషణ లోపం ఉన్న రోగికి క్యాన్సర్ ఆపరేషన్‌ను సైతం 7 నుంచి 14 రోజులు వాయిదా వేసి పోషణ అందించాలని యూరోపియన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి. కుటుంబానికి ఇది మింగుడుపడని మాట. లోపల కణితి పెరుగుతుంటే రెండు వారాలు ఆగాలా అని వారి గుండె దడదడలాడుతుంది. జీర్ణాశయ క్యాన్సర్ సాధారణంగా నెలల మీద పెరిగే జబ్బు. రెండు వారాల్లో అది పెరిగే దానికంటే, ఖాళీ అయిన ఒంటితో బల్ల ఎక్కడం వల్ల వచ్చే ప్రమాదమే పెద్దది. రక్తస్రావం ఆగకపోవడం, కడుపుకు చిల్లు పడటం వంటి అత్యవసరాలు మాత్రం వేరు.

ఇక ఆయుష్షు మాట. ఆపరేషన్‌కు ముందు పోషణ ఇస్తే చిక్కులు తగ్గుతాయనడానికి ఉన్న ఆధారం, ఏళ్ల తరబడి మనుగడ పెరుగుతుందనడానికి ఉన్న ఆధారం కంటే చాలా బలమైనది. ఈ తేడాను రోగి దగ్గర దాచకూడదు. అయితే ఆశ పెట్టుకోవడానికి ఆధారం లేకపోలేదు. 2021లో చైనా నుంచి వచ్చిన ఒక పరీక్షలో, ఇతర భాగాలకు పాకిన అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్లున్న 328 మందిలో కొందరికి కీమోతో పాటు మొదటి నుంచే పోషకాహార నిపుణుల, మానసిక వైద్యుల తోడ్పాటు అందించారు. వారి మధ్యస్థ మనుగడ, అంటే సగం మంది దాటిన కాలం, 14.8 నెలలు, మామూలు చికిత్స పొందినవారిది 11.9 నెలలు. వీరు ఆపరేషన్ రోగులు కారు, అందింది ఒక్క పోషణే కూడా కాదు. అయినా కొత్త క్యాన్సర్ మందు ఏదైనా ఇంత తేడా చూపిస్తే పతాక శీర్షిక అయ్యేది.

పని ఎలా సాగుతుంది?

రోజుకు కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అన్నది సాధారణ లక్ష్యం. మన 60 కిలోల రోగికి అది 1,500 నుంచి 1,800 కేలరీలు, 72 నుంచి 90 గ్రాముల ప్రొటీన్. దారి మూసుకుపోతున్న కడుపుతో ఇది మామూలు భోజనంతో అందదు. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు, చిక్కటి పోషక పానీయాలు అన్నది మొదటి మెట్టు. అది చాలకపోతే ముక్కు నుంచి సన్నని గొట్టాన్ని కణితి దాటించి చిన్నపేగులోకి పంపుతారు. పేగు పనిచేస్తున్నంత కాలం దాన్నే వాడాలి, కుదరనప్పుడే రక్తనాళం.

వారాలుగా తిండి లేని శరీరానికి ఒక్కసారిగా నిండా పెట్టడం ప్రాణాంతకం కావచ్చు. ఆహారం అందగానే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూసుకుపోతాయి, గుండె లయ తప్పుతుంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే ముందు థయమిన్ (విటమిన్ బీ1) ఇచ్చి, కేలరీలను నెమ్మదిగా పెంచుతూ, ఆ లవణాలను రక్తపరీక్షలతో గమనిస్తారు. చిక్కిన మనిషికి ఇంట్లో ప్రేమకొద్దీ బలవంతంగా పెట్టడం కంటే ఆస్పత్రి డైటీషియన్‌ను కలవడం మేలు అనేది ఇందుకే.

ఎవరూ లెక్కపెట్టని ఉపవాసాలు కొన్ని ఉంటాయి. ఎండోస్కోపీ ఒక రోజు, సీటీ ఒక రోజు, లాపరోస్కోపీ పరిశీలన ఇంకొక రోజు. ప్రతిదానికీ ‘రాత్రి నుంచి ఏమీ తినవద్దు’ అంటారు, పరీక్ష వాయిదా పడితే మళ్లీ మొదటికి. తినగలిగే పూటలే తక్కువైన రోగికి ఇవి నిజంగా నష్టం. మత్తుకు ఆరు గంటల ముందు వరకు తేలికపాటి ఆహారం, రెండు గంటల ముందు వరకు నీళ్లలాంటి తేట ద్రవాలు తీసుకోవచ్చన్నది ఇప్పటి నియమం. కడుపు ఖాళీ కాని అడ్డంకి ఉన్నవారికి మాత్రం ఇది వర్తించదు.

తింటే కణితి కూడా బలుస్తుందేమోనని కడుపు మాడ్చుకునేవారున్నారు. ఆ భయంతో పోషణ ఆపడానికి ఆధారం లేదని మార్గదర్శకాలు తేల్చాయి. పస్తుంటే ముందుగా కరిగేది కండ, కణితి కాదు.

ఆపరేషన్‌కు ముందు కీమో ఇచ్చే పద్ధతి పెరగడంతో ఇప్పుడు రెండు మూడు నెలల వ్యవధి దొరుకుతోంది. కీమో వల్ల ఆకలి తగ్గే కాలమూ అదే, సరిగా వాడుకుంటే శరీరాన్ని సిద్ధం చేసుకునే కాలమూ అదే. ప్రొటీన్‌తో పాటు రోజూ నడక, కండకు పని చెప్పే చిన్న వ్యాయామాలు కూడా ఉండాలి. పని లేని కండ ప్రొటీన్‌ను సరిగా వాడుకోలేదు. ప్రతి విడతకు ముందు బరువు చూసేది మందు మోతాదు లెక్కకట్టడానికే అయినా, ఆ అంకెల వరుసను ఒక్కసారి చూస్తే రోగి ఎటు వెళుతున్నారో తెలిసిపోతుంది.

కడుపు మొత్తం తీసేసిన తర్వాత లెక్క మళ్లీ మొదలవుతుంది. ఆకలిని పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా కడుపు పైభాగంలోనే తయారవుతుంది కాబట్టి ఆకలి అన్న కబురే రాదు. గడియారం చూసి తినాలి. విటమిన్ బీ12 గ్రహించడానికి కావాల్సిన పదార్థం కూడా కడుపు గోడలోదే, కనుక ఆ విటమిన్‌ను జీవితాంతం బయటి నుంచి అందించాలి. మొదటి నెలలో తగ్గే బరువు 15 శాతం దాకా వెళితే ఎస్-1 వంటి మందును కొనసాగించడం కష్టమవుతుందని జపాన్ అనుభవం. అందుకని ఇంటికి వచ్చాక వారానికోసారి, ఒకే తూకం మీద, ఒకే వేళకు బరువు చూసి రాసిపెట్టుకోవాలి. వరసగా రెండు వారాలు తగ్గుతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వైద్యులకు చెప్పాలి. ఆ దశలో పానీయాలు పెంచడానికీ, గొట్టం ద్వారా రాత్రిపూట పోషణ ఇవ్వడానికీ, మందు షెడ్యూలు మార్చడానికీ ఇంకా వీలుంటుంది.